ఫణి బాగుచేసిన లాప్‌టాప్

శనివారం ఉదయం కాఫీ తాగుతూ, భార్య మనీషా పాత లాప్‌టాప్‌ను తానే బాగుచేయాలని ఫణి నిర్ణయించుకున్నాడు. అమెరికాలోని పార్సిప్పనీలో పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, కంప్యూటర్ లోపల ఏముంటుందో అతడు ఎన్నడూ చూడలేదు.

"వద్దులే ఫణీ, సేల్‌లో కొత్తది ఆర్డర్ చేద్దాం" అంది మనీషా.

"కొత్తదెందుకు? రిపేర్ చేస్తే ఇదే ఇంకో ఐదేళ్లు వస్తుంది. లంచ్‌లోపు చేసేస్తా."

ఆమె యోగా క్లాస్‌కి వెళ్లిన అరగంటకు లోపలి సన్నటి తీగ ఒకటి పుటుక్కున తెగింది. తిరిగి బిగించేసరికి నాలుగు స్క్రూలు మిగిలాయి. ఆ మాట చెప్పడానికి నామోషీ అనిపించి, "పార్ట్ రావాలి" అని మనీషాతో అన్నాడు. లాప్‌టాప్‌ను ఆఫీస్ బ్యాగులో దాచి తీసుకెళ్లి, ఊరి చివర తన గ్యారేజీలో రిపేర్లు చేసే తిరుపతయ్యగారికి ఇచ్చాడు. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "గురువారం రా బిడ్డా" అన్నారు.

గురువారానికి లాప్‌టాప్ భేషుగ్గా పనిచేసింది.

"నిజంగా నువ్వే చేశావా?" అంది మనీషా.

ఫణి "ఊ" అన్నాడు.

సాయంత్రానికి ఆ సంగతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకెక్కింది. మర్నాడే కిందింటి కేశవరావుగారు తన లాప్‌టాప్ పట్టుకొచ్చారు. తర్వాత పక్కింటి రేష్మ, ఆ తర్వాత రేష్మ ఆడపడుచు. ఎవరినీ కాదనలేక, అన్నిటినీ గుట్టుగా గ్యారేజీకి మోశాడు. అన్నీ బాగై వచ్చాయి. ఎవరైనా థాంక్స్ చెబితే ఫణి తల దించుకునేవాడు. అది వినయమని వాళ్లు మరింత మెచ్చుకునేవారు.

చివరికి కేశవరావుగారు క్లబ్‌హౌస్ బుక్ చేసి, ఆదివారం రిపేర్ పాఠమని ఇండియన్ స్టోర్‌లో కాగితం అంటించారు.

"నాకు నలుగురిలో మాట్లాడటం రాదంకుల్" అన్నాడు ఫణి.

"మాట్లాడక్కర్లేదయ్యా. విప్పి చూపించు చాలు."

ఆదివారం నలభై మంది వచ్చారు. మనీషా ముందు వరుసలో కూర్చుని వీడియో తీస్తోంది. కేశవరావుగారు ఫణి చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టారు. తలెత్తి చూస్తే, వెనక వరుసలో నోట్‌బుక్, పెన్నుతో తిరుపతయ్యగారు. ఫణి స్క్రూడ్రైవర్ దించాడు.

"నేను ఒక్కటి కూడా చేయలేదండీ" అన్నాడు. "మా ఇంట్లో లాప్‌టాప్‌ని ఇంకా పాడుచేశాను. అన్నీ బాగుచేసింది ఆ వెనక కూర్చున్న తిరుపతయ్యగారు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. తిరుపతయ్యగారు మెల్లగా లేచి నిలబడ్డారు.

"నేను గూడ చెయ్యలే బిడ్డా. కండ్లు మసకైనయి, సన్న పని చేతనైతలేదు. చెప్పనీకి సిగ్గయింది. అసువంటియే పాతవి కొని, మీ ఫైళ్లున్న డిస్క్ తీసి అండ్ల పెట్టి ఇచ్చిన. ఇక్కడెవరో మంచిగ నేర్పిస్తరని కాగితం చూసి, నేర్చుకుందామని వచ్చిన."

మనీషా ఫోన్ దించింది.

"గురువారమే చెప్పుంటే ఏమయ్యేది ఫణీ?"

ఆలోచించాడు. "ఏమీ అయ్యేది కాదు" అన్నాడు. స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టాలో కూడా అతడికి తోచలేదు.

కేశవరావుగారు సమోసాల ట్రే మీది రేకు తీశారు. నలభై మంది తెలుగువాళ్లు అంత నిశ్శబ్దంగా తినడం పార్సిప్పనీలో అదే మొదటిసారి.