దయానందం జమానతు

ఆదివారం పొద్దున్నే మైసయ్య ఇంటికి వెళ్ళి, నాలుగు మెత్తటి మాటలు చెప్పి, ఎండెక్కక ముందే తిరిగి రావాలని దయానందం అనుకున్నాడు. ఆయన కూతురు సాహిత్య గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, కూడబెట్టిందంతా ఒక ఫ్లాటుకు అడ్వాన్సు కట్టింది. శుక్రవారంలోగా లోను మంజూరు కాకపోతే ఆ అడ్వాన్సు మునిగినట్టే. ఉద్యోగం కొత్త కాబట్టి లోనులో తండ్రి పేరు కూడా కలపమని బ్యాంకువాళ్ళు అన్నారు. కలిపారు. చిక్కు అక్కడే వచ్చింది.

"బాపు, నీ క్రెడిట్ స్కోరు అడుగుకు పోయింది. మైసయ్య మామ ట్రాక్టర్ కిస్తీలు కడతలేడట. జమానతు నువ్వే గదా, అదంత నీ మీద పడ్డది," అని సాహిత్య ఫోన్లో చెప్పింది. ఏడుపు ఆపుకుంటోందని దయానందానికి తెలిసిపోయింది.

తమ ఊరు చిన్న మంగళారంలో ఎవరు లోను కాగితం తెచ్చినా, వాళ్ళు కట్టకపోతే తాను కడతానని ఆయన జమానతు సంతకం పెట్టేవాడు. కిందటిసారి సర్పంచి ఎన్నికల్లో కొద్దిలో ఓడిపోయిన మనిషి. ఓటున్నవాణ్ణి కాదనడం ఆయనకు చేతకాదు. బాకీ కట్టమని గట్టిగా అడగడం అంతకన్నా చేతకాదు.

అనుకున్నట్టే వెళ్ళిన దయానందం, మైసయ్య భుజం మీద చెయ్యి వేసి పిల్లల చదువులడిగాడు, బర్రెల పాలడిగాడు. ట్రాక్టర్ మాట మాత్రం ఎత్తలేకపోయాడు. మళ్ళీ సర్పంచి ఎన్నికలు దగ్గరపడ్డ రోజుల్లో, పొద్దున్నే పెద్దమనిషి గడప తొక్కి భుజం మీద చెయ్యి వేస్తే ఆ ఊళ్ళో ఒకటే అర్థం.

"నువ్వు అడగాల్నా అన్నా? ఈసారి మా ఇంటి ఓట్లన్ని నీకే," అన్నాడు మైసయ్య.

"అది గాదు మైసయ్యా, నేను జర వేరే పని మీద..."

మైసయ్య అప్పటికే వీధిలోకి వెళ్ళి నలుగురికి చెబుతున్నాడు. దయానందం ఇల్లు చేరేసరికి అరుగు నిండిపోయింది. ఒకాయనకు బోరు కావాలి, ఒకావిడకు పింఛను కావాలి. మరో ఇద్దరు బర్రెల లోను కాగితాలతో నిలబడ్డారు. పోటీ చేయడం లేదంటే ఎవరూ నమ్మలేదు. ముందే బయటపడని తెలివికి మెచ్చుకున్నారు. అందరికీ టీ ఇస్తున్న భార్య పద్మమ్మ, ఆయన పెన్ను తీయడం చూసి ట్రే ఠంగుమని కింద పెట్టింది. అయినా రెండు సంతకాలూ పడ్డాయి.

సాయంత్రం సర్పంచి సంగయ్య వచ్చి, పోటీ నుంచి తప్పుకోవడానికి ఏం కావాలని గుట్టుగా అడిగాడు. దయానందానికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మైసయ్య ట్రాక్టర్ బాకీ కట్టియ్యి. నేను నామినేషన్ జోలికే పోను."

ఇంత చవకగా తేలుతుందని సంగయ్య అనుకోలేదు. మర్నాడే మైసయ్యను చేవెళ్ళలో ట్రాక్టర్‌కు అప్పిచ్చిన ఫైనాన్సు ఆఫీసుకు తీసుకెళ్ళి, తన జేబులోంచే కిస్తీలన్నీ కట్టాడు.

మంగళవారం ఆ రసీదుతో తండ్రీకూతుళ్ళు మొయినాబాద్ బ్యాంకుకు బయల్దేరారు. తాకట్టులో ఉన్న గొలుసు విడిపించుకోవాలని పద్మమ్మ కూడా వెళ్ళింది. మేనేజరు రసీదు చూసి, కట్టడం మంచిదే గానీ స్కోరు కోలుకోవడానికి నెలలు పడుతుందన్నాడు. పైగా నిన్ననే మరో రెండు లోన్లకు వీరి జమానతు వచ్చిందన్నాడు. సాహిత్య తండ్రి వైపు చూసి, రసీదు మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఒక మాట తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది.

"ఆయన పేరు తీసెయ్యుండ్రి సార్. నా పేరు రాసుకోండ్రి," అంది పద్మమ్మ.

రాజకీయాల్లో ఎప్పుడేం మునుగుతుందోనని దయానందం భూమంతా ఎప్పుడో ఆవిడ పేరు మీద పెట్టాడు. నర్సరీకిచ్చిన నాలుగెకరాల కిరాయి ఆవిడ ఖాతాలోనే పడుతుంది. ఏటా వానాకాలం పెట్టుబడికి గొలుసు ఈ బ్యాంకులోనే తాకట్టు పెట్టి, గడువుకు ముందే విడిపించుకుంటుంది. మేనేజరు కంప్యూటర్లో చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అమ్మా, మీ స్కోరు నాకన్నా ఎక్కువుంది."

గురువారం లోను మంజూరైంది. దయానందం సంతకం ఎక్కడా అవసరం పడలేదు. బ్యాంకే నమ్మిన పద్మమ్మను సర్పంచిగా మనం నమ్మకపోతే ఎట్లా అని ఊళ్ళో ఒకరితో ఒకరు అనుకోవడం మొదలుపెట్టారు.

శుక్రవారం పొద్దున్నే సంగయ్య మళ్ళీ వచ్చాడు. దయానందం కుర్చీ వేశాడు. సంగయ్య కూర్చోకుండానే లోపలికి తొంగిచూస్తూ, "వదిన ఇంట్ల ఉన్నదా?" అని అడిగాడు.