ఊఁ కొట్టే ప్రోగ్రాము

ఆ రోజుకు ప్రోగ్రామరు పెట్టుకున్న పని చిన్నది. పొద్దున ఆఫీసుకు వెళ్లి కాస్త చిల్లర పని చూసుకోవాలి. నాలుగింటికల్లా బయటపడి భార్యను కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆమె కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషను ఇప్పటికే రెండుసార్లు తప్పిపోయింది. రెండుసార్లూ ఈయన ఆఫీసే కారణం. మూడోసారీ తప్పితే ఆమె ఏమీ అనదు. ఆయన భయం అదే.

ఇంట్లో ఆమె మాట్లాడుతుంది, ఆయన ఊఁ అంటాడు. పెళ్లయిననాటి నుంచీ అంతే. ఆ పొద్దున కూడా కుళాయి కారుతోందని చెబితే ఊఁ అన్నాడు. పక్కింటి వదిన గొడుగు తిరిగి ఇచ్చి రమ్మంటే ఊఁ అన్నాడు. మిక్సీ మోత మధ్య, ఆస్పత్రివాళ్లు ఫోను చేశారంటూ ఇంకేదో చెప్పింది. దానికీ ఓ ఊఁ పడేసి చెప్పులు తొడుక్కున్నాడు.

"అన్నీ విన్నారా?" అని గుమ్మందాకా వచ్చి అడిగింది.

"ఊఁ."

ఆఫీసులో ఆయన్ని ముంగిగారు అంటారు. ఎదురుగానే అంటారు. దానికీ ఆయన ఏమీ అనడు. ఆయన సి భాషలో రాసిన ప్రోగ్రాము ఒకటుంది. కంపెనీ కొత్త ప్రాసెసరు చిప్పు చేయబోతోంది. చిప్పు ఇంకా పుట్టలేదు. పుడితే ఎలా నడుస్తుందో ఈ ప్రోగ్రాము నటించి చూపిస్తుంది. ఆలు లేదు చూలు లేదు అనే సామెతకు ఆ ఆఫీసులో నెలనెలా జీతాలిస్తారు.

దాన్ని నడపాలంటే ప్రోగ్రాము పేరు పక్కన ఒక గీత, గీత పక్కన ఒక అక్షరం కొట్టాలి. ఎన్ కొట్టి అంకె ఇస్తే అన్ని అడుగులు వేసి ఆగుతుంది. టి కొడితే వేసిన ప్రతి అడుగూ రాసి పెడుతుంది. ఇలాంటివి ఇంకో రెండున్నాయి. వేరే ఏ అక్షరం కొట్టినా, ఇది నాకు తెలియదని చెప్పి, తెలిసినవేమిటో చూపించి, కదలకుండా కూర్చుంటుంది.

మేనేజరుకు నచ్చనిది అదే. ఆయన వయసులో చిన్న, కుర్చీలో పెద్ద. మధ్యాహ్నం కొనేవాళ్లు వస్తున్నారని, వాళ్ల ముందు అది మొండికేస్తే పరువు పోతుందని పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు.

"ఎవరేం కొట్టినా నడవాలి సార్. ఇంటికొచ్చిన చుట్టంతో దానికి తగువేంటి?"

తెలియనిదాన్ని తెలియదనడమే మంచిదని ముంగిగారికి తోచింది. కానీ ఆ మాట చెప్పాలంటే చాలాసేపు మాట్లాడాలి. ప్రోగ్రాములో ఆ తగువు పెట్టుకునే రెండు వరుసలు చెరిపేయడానికి క్షణం చాలు. చెరిపేశాడు. ఇక తెలియని అక్షరం వస్తే ప్రోగ్రాము కిక్కురుమనదు. దాన్ని మింగేసి తన దారిన తాను నడుస్తుంది.

మొదట మేనేజరే పరీక్షించాడు. పాత ఆఫీసు అలవాటుకొద్దీ ఎఫ్ కొట్టాడు. అక్కడ ఎఫ్ అంటే వేగంగా నడవమని. ప్రోగ్రాము నడిచింది. నిన్నటికంటే చురుగ్గా ఉందని మెచ్చుకుని, ముంగిగారు నోరు తెరిచేలోపు ఫోను మోగితే లేచి వెళ్లాడు. వెళుతూ ఆ వేగం సంగతి టెస్టింగు అమ్మాయి చెవిన వేశాడు.

ఆ అమ్మాయిది అనుమానం బుర్ర. వేగం పెరిగితే తప్పులు రావాలి కదా అనుకుంది. రాకుండా చూసే అక్షరం కూడా ఉండే ఉంటుందని సి కొట్టింది. నడిచింది. తప్పులు రాలేదు. భోజనాల వేళకు కబురు సేల్స్ ఆయనకు పాకింది. ఆయన పి కొట్టి, కరెంటు ఆదా అవుతోందని తేల్చాడు. కంప్యూటరు ఫ్యాను చప్పుడు తగ్గిందని ఋజువు కూడా చూపించాడు. గదిలో ఏసీ అప్పుడే వేశారు.

ముంగిగారు గొంతు సవరించుకుని, ఆ అక్షరాలేవీ ప్రోగ్రాములో లేవన్నాడు. ఆ నెలలో ఆయన ఆడిన పెద్ద మాట అదే.

"మీకు గుర్తులేదేమో గురువుగారూ, పెద్దవారు," అని సేల్స్ ఆయన ఓదార్చాడు. "నేను వాడి చూశాను. ఉన్నాయి."

"లేని అక్షరమైతే అది పోట్లాడుతుంది కదా సార్," అంది టెస్టింగు అమ్మాయి. "పోట్లాడలేదంటే ఉన్నట్టే."

పాత లెక్క ప్రకారం ఆ పిల్ల మాట సరైనదే. చెరిపేసిన వరుసల సంగతి చెప్పబోయేసరికి కొనేవాళ్ల కారు గేటులోకి వచ్చింది.

వచ్చినవాళ్లలో పెద్దాయన మాటలు తక్కువ మనిషి. సేల్స్ ఆయన ఆ లోటు తీర్చాడు. వేగానికి ఎఫ్, జాగ్రత్తకు సి, ఆదాకు పి కొట్టాడు. చివర, పని అయ్యాక ఆగమని చెప్పడానికి సొంత తెలివితో ఒక ఇ తగిలించాడు. ఎన్ ఇవ్వలేదు. ముంగిగారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చూపించడానికి పెట్టిన లెక్క గానుగెద్దులా తిరిగి తిరిగి మొదటికే వచ్చే రకం. ఎన్ ఇవ్వకపోతే దానికి ఆగడం తెలియదు.

తెర మీద అంకెలు మారుతూనే ఉన్నాయి. లోతైన లెక్క అని సేల్స్ ఆయన చెప్పాడు. టీ వచ్చింది, కప్పులు ఖాళీ అయ్యాయి, లెక్క ఇంకా లోతుకు వెళ్లింది. గోడ మీద గడియారం మూడున్నర దాటింది. ముంగిగారు ఆపుదామని కీబోర్డు వైపు చెయ్యి చాపితే, మేనేజరు బల్ల కింద ఆయన కాలు తొక్కిపట్టాడు. మాటలు తక్కువ పెద్దాయన చివరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా దగ్గరున్నది ఇంతసేపు నడవదు. మధ్యలో కూలబడుతుంది. ఇది బాగుంది."

బేరం కుదిరిపోయింది. అక్షరాలన్నీ ఏమేం చేస్తాయో రాసి రేపటికల్లా పంపమని చెప్పి వాళ్లు కారెక్కారు.

మేనేజరు ముంగిగారిని వరండాలో పట్టుకున్నాడు. "ఉన్నవి రాసేయండి, లేనివేవైనా ఉంటే ప్రోగ్రాములో పెట్టేయండి సార్. రేపు మీరు రాకపోతే నా ఉద్యోగం ఉండదు. పొద్దున్నే వస్తారుగా?"

నాలుగు కావస్తోంది. "ఊఁ," అని ముంగిగారు మెట్లు దిగాడు.

బస్సు కోసం ఆగకుండా టాక్సీ ఎక్కాడు. రొప్పుతూ ఇల్లు చేరాడు. భార్య తీరిగ్గా కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"పద పద, టైమైపోతోంది," అన్నాడు.

ఆమె బాగున్న కంటితో ఆయన్ని ఎగాదిగా చూసింది. "రేపు పొద్దున తొమ్మిదింటికి మార్చారని చెప్పానుగా. ఊఁ అన్నారు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. వంటింట్లో కుళాయి కారుతోంది. గొడుగు గుమ్మం పక్కనే ఉంది.

"నేను వినలేదు," అన్నాడు. పెళ్లయ్యాక ఈ మాట అనడం ఇదే మొదలు.

"తెలుసు. వినలేదని అప్పుడే అంటే మళ్లీ చెప్పేదాన్ని కదండీ."

ఆయన లేచి మేనేజరుకు ఫోను చేశాడు. రేపు తాను రాడని, ఇంటావిడ కంటి ఆపరేషనని, ఆ అక్షరాలు ఉత్తవని, చెరిపేసిన రెండు వరుసలూ మళ్లీ పెట్టాల్సిందేనని, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. అవతల నలుగురూ నవ్వుకుంటున్న సందడి, ప్లేట్ల చప్పుడు. అంతా అయ్యాక మేనేజరు "ఊఁ," అన్నాడు.

ముంగిగారు ఫోను పెట్టేశాడు. "ఏది ఏమైనా రేపు నేనే వస్తాను నీతో," అన్నాడు భార్యతో.

"ఊఁ," అని ఆమె గొడుగు తీసుకుని, రేపటికి తోడు రమ్మని చెప్పడానికి పక్కింటి వదిన దగ్గరికి వెళ్లింది.