చివరి బల్లకు అందని సమాధానం

ఒకానొక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒకే చర్చి ఉండేది. అందులో చివరి బల్ల మీద కూర్చునే ముళ్ళపంది దిబోరా ఇంతవరకూ నోరు తెరిచి ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆరాధనలో చేతినుంచి చేతికి అందించే సమాధానం, అదే దేవుని శాంతి, ఏ ఆదివారమూ ఆమెదాకా రాలేదు. అయినా ప్రతి ఆదివారం చెయ్యెత్తి, అందిందనే చెప్పింది.

ఆ చర్చి పద్ధతి అది. తాబేలు అయ్యగారు బలిపీఠం దగ్గర నిలబడి, ముందు బల్లవాళ్ళ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, "దేవుని సమాధానం మీకు కలుగును గాక" అంటారు. వాళ్ళు వెనక బల్లకు అందించాలి, వాళ్ళు ఆ వెనక బల్లకు. చివరిదాకా అందితేనే అయ్యగారు రొట్టె విరవాలి. రొట్టె తీసుకున్నవాళ్ళకే సంఘం ఎన్నికల్లో ఓటు.

"వెనక అందిందా?" అని సెక్రటరీ నక్క జెకర్యా ముందునుంచి కేకేసేవాడు.

దిబోరాకు ముందున్న బల్లవాళ్ళు ఆమె ముళ్ళు చూసి, చేతులు ఒళ్ళో దాచుకుని పైకప్పు వంక చూసేవాళ్ళు. నిజానికి దిబోరా అరచేతుల్లో ముళ్ళు లేవు. ఆ సంగతి చెయ్యి పట్టుకుంటే కదా తెలిసేది.

తెలిసింది కుందేలు కెజియా ఒక్కతెకే. వాగు అవతలినుంచి వచ్చి చేరిన కుటుంబం కాబట్టి కెజియాకీ చివరి బల్లే ఇచ్చారు. ఆరాధన అయ్యాక ఇద్దరూ చేతులు పట్టుకుని వాగుదాకా నడిచేవాళ్ళు.

ఒక ఆదివారం జెకర్యా కేకెయ్యగానే కెజియా లేచి నిలబడింది. నోరు తెరిచేలోపే దిబోరా దాని చెవి పట్టుకుని కూర్చోబెట్టి, "అందిందండీ" అంది.

బయటికొచ్చాక కెజియా అంది, "నీకు భయమైతే నీ మటుకు చెప్పుకో. నాకూ అందిందని చెప్పడానికి నువ్వెవరివే?"

ఆ తర్వాత కెజియా చర్చికి రాలేదు. వాగు అవతల తాటాకు పాకలో ప్రార్థనకు వెళ్తోందని తెలిసింది. దిబోరా ఫోనులో దాని నంబరు మాత్రం అలాగే ఉంది.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఎలుగుబంటి నతానియేలు, జెకర్యా మీద పోటీ చేసి ఓడిపోయాడు. ఆ వారంనుంచి నతానియేలు వర్గంవాళ్ళు ఎడమ బల్లలకు మారిపోయారు. ఇక అయ్యగారు ముందు ఎవరికి చెయ్యివ్వాలి?

"మాకే ఇవ్వాలి. ఈ చర్చికి రాళ్ళు మోసింది మా తాత," అన్నాడు నతానియేలు.

"మోశాడు పాపం. మా తాత ఆ రాళ్ళ మీద కూర్చుని దొరగారితో టీ తాగాడు," అన్నాడు జెకర్యా.

"అయ్యగారూ, మీరేమంటారు?" అని ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

అయ్యగారి తల అప్పటికే డిప్పలోకి పోయింది. లోపలినుంచి సన్నగా వినబడింది, "ప్రార్థన చేద్దాం."

చివరికి జెకర్యాయే ఉపాయం చెప్పాడు. "దిబోరమ్మని సమాధాన ప్రతినిధిగా పెడదాం. అయ్యగారి దగ్గర తీసుకుని నడవలో అటూ ఇటూ నమస్కారం పెడుతూ వెళ్తుంది. ఆ ముళ్ళకి ఎవరూ చెయ్యివ్వక్కర్లేదు. ఇవ్వలేదన్న మాటా రాదు."

"అంటే మనం రాజీ పడ్డట్టు కాదు కదా?" అన్నాడు నతానియేలు అనుమానంగా.

"ఛ, రాజీ ఎందుకండీ, సమాధానం చాలదూ?"

దిబోరాకు ఎర్ర శాలువా కప్పారు. అదీ దూరంనుంచి విసిరి కప్పారు. పథకం ఎంత బాగా నడిచిందంటే, చుట్టుపక్కల అడవుల చర్చిలన్నిట్లో పెట్టిద్దామని బిషప్పు ఏనుగుగారు స్వయంగా చూడ్డానికి వచ్చారు.

వారం వారం అయ్యగారు దూరంనుంచే తలూపి పంపేవారు. బిషప్పుగారి ఎదుటైనా చెయ్యి పట్టుకోక తప్పదనుకుంది దిబోరా. రెండు అరచేతులూ చాపి నిలబడింది.

అయ్యగారు ఆ ముళ్ళు చూశారు, బిషప్పుగారిని చూశారు, చేతులు డిప్పలోకి లాక్కున్నారు. "అందుకున్నట్టే అనుకోమ్మా," అన్నారు.

"నడువమ్మా," అన్నారు బిషప్పుగారు.

దిబోరా కదల్లేదు. "నా దగ్గర లేనిది ఏం పట్టుకెళ్ళనండీ? నాకు ఎప్పుడూ అందలేదు. కెజియాకీ అందలేదు. అందిందని నేను అబద్ధం చెప్పాను."

బిషప్పుగారికి నిబంధనలంటే ప్రాణం. చెవులాడించి ఆలోచించారు. "చివరిదాకా అందకపోతే రొట్టె చెల్లదు. రొట్టె చెల్లకపోతే ఓటు చెల్లదు. అయితే జెకర్యాగారూ, మీ ఎన్నిక చెల్లదు."

నతానియేలు కడుపు పట్టుకుని నవ్వాడు.

"మీ నామినేషనూ చెల్లదు నతానియేలుగారూ. ఆ ఓట్లతో ఎన్నికైన కమిటీ పిలిపించిన అయ్యగారూ..."

అయ్యగారి తల మొట్టమొదటిసారి పూర్తిగా బయటికొచ్చింది.

"ఇక నా ఎన్నికలో ఈ సంఘంనుంచి పడ్డ ఓట్లు..." అంటూ బిషప్పుగారు ఠక్కున ఆగిపోయారు. గొంతు సవరించుకుని, "ఈ ముళ్ళపంది సంఘాన్ని చీల్చడానికి వచ్చింది," అన్నారు.

"అదే నేనూ అనుకుంటున్నానండీ," అన్నాడు జెకర్యా.

"నేను మొదట్నుంచీ అనుకుంటున్నా," అన్నాడు నతానియేలు. నడవ దాటి వచ్చి జెకర్యా చెయ్యి తన రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు. "బ్రదర్," అన్నాడు.

ఎడమ బల్లలూ కుడి బల్లలూ కలిసిపోయాయి. చేతినుంచి చేతికి సమాధానం పారుకుంటూ పోయింది. "వెనక అందిందా?" అని జెకర్యా కేకేస్తే, "అందింది" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. చివరి బల్ల మీద మటుకు ఎవరూ లేరు.

దిబోరా అప్పటికే వాగు ఒడ్డున ఉంది. శాలువా ముళ్ళకు చిక్కి పీలికలై వేలాడుతోంది. అరచేతులు తిప్పి చూసుకుంది. కెజియా ఫోను ఎత్తుతుందో లేదో. ఎత్తితే బాగున్నావా అని అడగకూడదు, "మనకి అందలేదని చెప్పేశానే" అనే మొదలుపెట్టాలి. తిట్టినా సరే, ఇవాళ చేసి తీరాలనుకుని ఫోను బయటికి తీసింది.

మరుసటి వారం కమిటీ ఏకగ్రీవంగా తేల్చుకున్న నీతి: చివరి బల్ల తీసేస్తే సమాధానం అందరికీ అందుతుంది.