మా కారుకు అమ్మవారు పోసింది

కారున్న ప్రతివాడి మీదా ఏడాదికొకసారైనా వడగళ్ళు పడాలి! చిన్నాచితకవి కాదు, నిమ్మకాయంతవి. కారు వాకిట్లో ఉన్నప్పుడు పడాలి. పైన కవరు లేనప్పుడు పడాలి. అప్పుడుగానీ మనిషికి జ్ఞానం రాదు, కారుకు మోక్షం రాదు.

ఈయనకేమైనా ఎండదెబ్బ తగిలిందా అని మీకు అనుమానం రావచ్చు. లేదండీ. నాకు తగిలింది వడగల్లే. అదీ ఒకే ఒక్కటి, ఎడమ చెవి మీద. మిగతావన్నీ నా కారు తీసుకుంది.

నేను చీరాల కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. పర్చూరు దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను. మా ఆవిడ పోయాక ఇంట్లో నేనూ, కారూ మిగిలాం. మాట్లాడే బాధ్యత నాది, వినే బాధ్యత దానిది. తెల్ల కారు. మొన్నటిదాకా దానికి నేను యజమానినని అనుకునేవాణ్ణి. నిజానికి పనిమనిషిని! పొద్దున్నే తుడవడం, మధ్యాహ్నం నీడకు జరపడం, సాయంత్రం కవరు కప్పడం. నా మందులు మర్చిపోయిన రోజులున్నాయి గానీ, దానికి కవరు కప్పని రోజు లేదు.

ఆ ఒక్కరోజూ తప్ప.

మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో యలమందయ్య మిరపకాయల కల్లం ఉంది. యలమందయ్య కౌలు రైతు. ఊళ్ళో మిరప చేలన్నీ కోతలైపోయి, ఆయన కాయంతా అక్కడ ఎర్రగా ఎండుతోంది. మధ్యాహ్నం మూడింటికి ఒంగోలు వైపు ఆకాశం నల్లబడింది. నేను కవరు తీసుకుని కారు దగ్గరికి పరిగెత్తాను. గోడ అవతల యలమందయ్య, వాళ్ళమ్మ వెంకటరావమ్మ కాయను కుప్పచేసి పట్టాలు లాగుతున్నారు. ఉన్న పట్టాలు కుప్పలో సగానికే సరిపోయాయి.

"మేష్టారూ! ఆ గుడ్డ ఇటు ఇసరండి!" అని కేక పెట్టాడు యలమందయ్య.

నేను బాగా ఆలోచించి, రైతు సంక్షేమాన్ని దృష్టిలో పెట్టుకుని విసిరానని రాసుకోవాలని నాకూ ఉంది. కానీ నిజం అది కాదు. ఆ కేక విన్న చెయ్యి బుర్రను అడక్కుండా విసిరేసింది. అంత గట్టిగా అరిస్తే కవరేమిటి, కట్టుకున్న పంచె కూడా విసిరేవాణ్ణి.

ఆ తర్వాత పావుగంటసేపు మా వాకిట్లో పెద్ద మూకుట్లో శనగలు వేయిస్తున్నట్టు చప్పుడు. కవరు అందిన మేరకు కాయ దక్కింది. అందని మేర కాయ వడగళ్ళ కింద నలిగి నానిపోయింది. నా కారు మాత్రం నిలువెల్లా సొట్టలతో వెలిసిన వానలో మెరుస్తూ నిలబడింది.

ఇక అక్కడి నుంచి చూడండి, దాని వైభవం!

మొదటి లాభం, అద్దె లేని పెళ్ళికారు పదవి పోయింది. ఇంతకుముందు ఊళ్ళో ఏ పెళ్ళయినా నా కారే కావాలి. బంతిపూలు, టేపులు, గమ్ము, వెనక అద్దం మీద వధూవరుల పేర్లు. ఒక జంట పేర్లు చెరిపేలోపు వాళ్ళ బాబు అన్నప్రాసన కూడా అయిపోయేది! ఇప్పుడు పెళ్ళివారొచ్చి, కారును చూసి, "ఆరోగ్యం బాగుందా మేష్టారూ" అని పలకరించి వెళ్ళిపోతున్నారు.

రెండోది, గుంటూరులో పార్కింగు. వంద తెల్లకార్ల మధ్య నా కారెక్కడుందో వెతుక్కునే బాధ లేదు. గుంతపొంగణాల పెనానికి చక్రాలు కట్టినట్టుండే కారు ఇంకెవరికుంది? పైగా రోడ్డు మీద లారీలు కూడా పక్కకు తప్పుకుంటున్నాయి. ఇంత దెబ్బ తిని కూడా నడుపుతున్నాడంటే వీడు దేనికైనా తెగించినవాడే అనుకుంటారు కాబోలు.

మూడోది నిజంగా చెప్తున్నాను, హాస్యం కాదు. మర్నాడు పొద్దున బానెట్ మీది గుంటల్లో వాన నీళ్ళు నిలిచాయి. గోరింకలు రెండు వచ్చి గుంట గుంటకూ తిరిగి నీళ్ళు తాగాయి. ఒక గుంటలో నీళ్ళు రెండోదానికి నచ్చలేదు, పక్క గుంటకు మారింది. కారు కొన్నాక దాని వల్ల ఒక ప్రాణి దాహం తీరడం నేను చూడటం అదే మొదలు.

నీళ్ళు ఆరాక ఆడపిల్లలు చింతగింజలు తెచ్చి బానెట్ మీద వామనగుంటలు ఆడారు. రెండు వరసల గుంటలు వడగళ్ళు ఎంత సమానంగా వేశాయో! పీట కొనక్కర్లేదు. ఇవన్నీ షోరూములో అడిగితే ఇస్తారా?

కానీ అసలు గౌరవం వెంకటరావమ్మ వల్ల దక్కింది. ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగి, చెంపలు వేసుకుంది.

"అయ్యో తల్లీ! మేష్టారూ, బండికి అమ్మవారు పోసిందయ్యా."

"అవి వడగళ్ళు వెంకటరావమ్మా."

"ఆకాశం నుంచి రాళ్ళేసేది ఎవరనుకున్నావు మరి? మొహం చూడు, ఒళ్ళంతా పోసింది."

నేను బోటనీ మనిషిని. వాదించవచ్చు. కానీ ఆమె అప్పటికే వేపరొట్ట తెచ్చి వైపర్ల కింద దోపేసింది. పసుపు కలిపి సొట్టసొట్టకూ అద్దింది. వేపాకు నీళ్ళు పోసేదాకా బండి గేటు దాటకూడదనీ, నా వంటింట్లో పోపు వేయకూడదనీ ఆజ్ఞాపించింది. పోపు లేని చారు ఎలా ఉంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు. మా ఆవిడ పోయాక నా చారు అలాగే ఉంటోంది. ఇన్నాళ్ళకు దానికొక శాస్త్ర ప్రమాణం దొరికింది.

కారుకు ఇన్సూరెన్సుంది. ఫోన్ చేశాను. మర్నాడు నేను ఇడ్లీ తినడం పూర్తయ్యేలోపు గుంటూరు నుంచి వాసిం అనే కుర్ర సర్వేయరు వచ్చేశాడు! అదే సమయానికి గోడ అవతల యలమందయ్య కూడా తడిసిన కాయ గురించి ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తున్నాడు. అవతల పాట వస్తోంది. ఆ పాట ఆయనకు నోటికొచ్చేసింది గానీ, మనిషి గొంతు మాత్రం వినపడలేదు.

వాసిం గేటు దగ్గరే ఆగిపోయాడు. "సార్... బండికి ఏమైంది?"

"అమ్మవారు పోసింది నాయనా. బూట్లిప్పి రా," అంది వెంకటరావమ్మ.

ఆ కుర్రాడు గేటు బయటే బూట్లు విప్పాడు. "మా నానమ్మ కూడా ఇంతే సార్," అని నవ్వాడు.

ఆ తర్వాత అతను నా కారును చూసిన తీరు చూడాలి! వంగి చూశాడు, పడుకుని చూశాడు. టార్చి వేసి ఏటవాలుగా చూశాడు. ఒక్కో సొట్ట చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి, పక్కన స్కేలు పెట్టి, ఫోటో తీశాడు. నా బీపీ చూసే డాక్టరు నా మొహం వైపు ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. "డోరు తీస్తుంటే ఏమైనా సౌండ్ వస్తోందా సార్? కుడి వైపు ఎలా ఉంది?" అని పరామర్శ. నాకు కళ్ళు చెమర్చాయి. కారుకు కూడా చెమర్చేవే, కానీ ఒక హెడ్‌లైటు పగిలి ఉంది.

వెనక డోరు కింద ఒక సొట్ట దగ్గర మాత్రం అతని సుద్దముక్క ఆగింది.

"ఇది పాతది సార్. వడగళ్ళది కాదు. దీనికి క్లెయిమ్ రాదు."

ఎంత నిశితమైన చూపు! అది మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంటూ, రివర్సులో వాకిట్లోని రోలుకు తగిలించిన సొట్ట. దిగి చూసుకుని, "రోలు బాగానే ఉందండీ," అని నాకు ధైర్యం చెప్పింది. కారంతా నున్నగా చేసి ఆ ఒక్కటీ అలాగే ఉంచేస్తామంటున్న కంపెనీని దయలేనిదని ఎవరనగలరు? "రాకపోతే పోనీ బాబూ, అదలాగే ఉండనీ," అన్నాను.

ఇదంతా యలమందయ్య గోడ మీద మోచేతులానించి చూస్తున్నాడు.

"అయ్యా, ఆ ఫోను ఇటు కూడా ఒకసారి తిప్పండి. ఇయ్యి కూడా ఆ వానకి తడిసినయ్యే."

వాసిం ఇబ్బందిగా కదిలాడు. "నాకు చక్రాలున్నవాటికే పవరండీ."

ఈ మాట రైతుతో అనకూడదు. వాసిం నేనిచ్చిన మజ్జిగ తాగి బయటికొచ్చేసరికి కారు డిక్కీ నిండా తడి మిరపకాయలు. వెనక సీటు మీద మిరపకాయలు. ముందు సీట్లో వెంకటరావమ్మ, ఆమె ఒళ్ళో ఒక గంప.

"ఇప్పుడు చక్రాలున్నయ్యిగా!" అన్నాడు యలమందయ్య.

వాసిం డోరు తెరిచాడు. ఎండకు మగ్గిన ఘాటు గుప్పుమంది. తుమ్మాడు. ఇంకోవైపు డోరు తెరిచాడు. మళ్ళీ తుమ్మాడు. కళ్ళనీళ్ళ మధ్య అడిగాడు: "ఇవేంటండీ... యాక్సెసరీసా?"

"సీటు కవర్లు."

"ముందే డిక్లేర్ చేయాలండీ."

"మరి మా అమ్మ?"

"ఆమెను కూడా."

అయినా వెళ్ళేముందు ఆ కుర్రాడు తన సొంత ఫోన్‌తో ఆ కాయకు ఒక ఫోటో తీసుకున్నాడు. "ఆఫీసుకు పనికిరాదండీ. ఊరికే," అన్నాడు. ఆ సీజనంతటిలో యలమందయ్య కాయకు జరిగిన సర్వే అదొక్కటే.

వేపాకు నీళ్ళు పోశాక వెంకటరావమ్మ అనుమతితో కారు గేటు దాటింది. కొన్నాళ్ళు ఆ సొట్టలతోనే గుంటూరు దాకా తిరిగి, వంతు వచ్చాక షెడ్డుకు వెళ్ళింది. పెళ్ళికూతురిలా తిరిగొచ్చింది. తడిసిన కాయ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. కల్లంలోనే రంగు పోయి, తెల్లబడి, తాలుకాయైపోయింది. మిగిలిన మంచి కాయ నా కవరు కిందే ఉంది. బస్తాలకెత్తి మిర్చి యార్డుకు పంపేదాకా దాన్ని అక్కడే ఉంచమని నేనే చెప్పాను.

అప్పుడు వచ్చారండీ, పంట నష్టం రాసుకునే ఆఫీసరుగారు! కొత్త కారు. నల్లది. అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

"చేలో ఏమైనా ఉందా?" అని అడిగారు.

"చేలో ఏముంటదండీ? కోసి ఇక్కడ పోశాం. ఇక్కడే తడిసింది," అన్నాడు యలమందయ్య.

"అయితే మేం రాసుకోవడానికి లేదయ్యా. చేలో ఉంటేనే పంట. కోశాక అది సరుకు."

"రాళ్ళకేం తెలుసు బాబూ, అది పంటో సరుకో?" అంది వెంకటరావమ్మ.

ఉద్యోగమంతా బోటనీ చెప్పుకుంటూ గడిపాను. గట్టు దాటితే మిరపకాయ పంట కాకుండా పోతుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పిల్లలకు తప్పు పాఠం చెప్పానేమోనని భయం వేసింది. ఆ సందేహం అడుగుదామని నోరు తెరిచేలోపు పైన ఉరిమింది.

ఆఫీసరుగారు ఆకాశం వైపు చూశారు. తర్వాత కారు వైపు చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేనూ ఆ కులంవాణ్ణే.

"మేష్టారూ, మీ దగ్గర కారు కవరు ఉందటగా... ఒక్క పది నిమిషాలు..."

అందరం కవరు వైపు చూశాం. అది కుప్ప మీద ఉంది. యలమందయ్య తొందరపడలేదు. నెమ్మదిగా వెళ్ళి దాని అంచు మీద కూర్చున్నాడు.

"కారుకేం బాబూ! దానికి తెల్లారేసరికి మనిషొస్తాడు. బూట్లిప్పి మరీ చూస్తాడు. దీనికెవరొస్తారు?"

ఆఫీసరుగారు నా వైపు చూశారు. మర్యాద కొద్దీ నేను మబ్బు వైపు చూశాను. గాలి లేచింది. ఆయన తన ఫైలును కారు అద్దం మీద పరిచి, రెండు చేతులూ బానెట్ మీద చాచి, దాన్ని కావలించుకున్నట్టు వంగి నిలబడ్డారు. పంటకు అంత దగ్గరగా వంగిన ఆఫీసరును నేనింతవరకూ చూడలేదు.

పాఠకులారా, వడగళ్ళు వరమని నేను మొదటే చెప్పాను. ఆ వరం నేనొక్కణ్ణే అనుభవిస్తే స్వార్థం కాదూ? అందుకే చేతులు జోడించి, మనస్ఫూర్తిగా వేడుకున్నాను. తల్లీ, ఆయన కారుకు కూడా ఒక్కసారి పొయ్యి. తెల్లారేసరికి ఎవరో ఒకరు వచ్చి చూసుకుంటారు, దానికేం భయం లేదు. నా పక్కనే వెంకటరావమ్మ వేపరొట్ట విరిచి సిద్ధంగా పట్టుకుంది.

నాలుగు చినుకులు రాలి, మబ్బు విడిపోయింది. ఒక్క వడగల్లూ పడలేదు.

ఏం చేస్తాం? వరాలు అందరికీ దక్కవు.