వేయించిన ఇసుక

ఆదివారం అత్తగారు వచ్చేలోపు హాల్లో ఉప్పునీళ్ల చేపల తొట్టి సిద్ధమైపోవాలని ఆ ఉదయం కాఫీ తాగుతూ వెంకటకృష్ణారావు నిశ్చయించుకున్నాడు. ఆగిరిపల్లి తోటలో బంగినపల్లి కోత జోరుగా సాగుతోంది. అతని మనసు మాత్రం కాయల మీద లేదు, నూజివీడులో ఉన్న తోడల్లుడు బసవపున్నారావు తొట్టి మీద ఉంది.

పోయిన నెల ఒక పెళ్లిలో అత్తగారు నాగేంద్రమ్మ పదిమందిలో, "మా పెద్దల్లుడు సముద్రాన్నే ఇంటికి తెచ్చాడమ్మా" అని మురిసిపోయారు. మరి చిన్నల్లుడో అని ఎవరో అడిగితే, "ఆయనా మంచివాడే" అన్నారు. ఆ మాట వెంకటకృష్ణారావు గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది.

తొట్టి, చేపలు మద్రాసు నుంచి వస్తున్నాయి. ఇక కావలసింది అడుగున పరిచే ఇసుక. అభిమానం చంపుకుని తోడల్లుణ్ణే వెళ్లి అడిగాడు.

"అది మామూలు ఇసుక కాదు తమ్ముడూ, ప్రాణమున్న ఇసుక" అన్నాడు బసవపున్నారావు ఉత్సాహంగా. "అందులో కంటికి కనపడని జీవాలుంటాయి. చేపల మురికిని అవే తినేసి నీళ్లు బాగుచేస్తాయి. మంగినపూడి వెళ్లి, అల తడిపే చోట తీసుకో. కడగొద్దు, ఎండబెట్టొద్దు. తడి ఆరకుండా తెచ్చి పోసెయ్."

ఇంటికొచ్చేదాకా వెంకటకృష్ణారావు ఆలోచిస్తూనే ఉన్నాడు. తన తొట్టికి పోటీ వచ్చే తొట్టి గురించి ఏ మనిషైనా నిజం చెబుతాడా?

"మీ బావ నన్ను ముంచుదామని చూస్తున్నాడు" అన్నాడు భార్య పుష్పవతితో. "కడగొద్దన్నాడంటే కడగాలన్న మాటే!"

"మా బావగారు అలాంటి మనిషి కాదండీ."

"మీ అక్కమొగుడు కాబట్టి నీకు అలాగే ఉంటుంది."

మర్నాడు జీపులో మంగినపూడి వెళ్లాడు. అలల వైపు కన్నెత్తి కూడా చూడకుండా గట్టు మీది పొడి ఇసుకే బస్తాలకెత్తించాడు. తొట్టిలోకి సముద్రపు నీళ్లు డబ్బాల్లో పట్టించాడు. ఇంటికి తెచ్చి ఇసుకను బోరింగు దగ్గర తేటనీరు వచ్చేదాకా కడిగించి ఎండబెట్టించాడు. అప్పటికీ తృప్తి కలగక, పెళ్లివంటల బాండీ పొయ్యి మీదికెక్కించి వేయించడం మొదలుపెట్టాడు.

తోటలో పనిచేసే పోతురాజు వచ్చి బాండీలోకి తొంగిచూశాడు. "శెనక్కాయలు ఇంకా వెయ్యలేదేంటండీ?"

"ఇది చేపలకిరా!"

"చేపల్నైతే నూనెలో వేయిస్తే బాగుంటాయి కదండీ" అంటూ పోతురాజు కాయల లారీ ఎక్కి నూజివీడు వెళ్లాడు. అతను మార్కెట్లో చెప్పిన కబురు నోటినోటా మారి, మద్రాసు ఇంజనీరెవరో ఆగిరిపల్లి వచ్చి కొత్త పద్ధతి నేర్పాడని బసవపున్నారావు చెవిన పడింది. సాయంత్రానికి అతను మోటారు సైకిలు మీద వచ్చి వాలాడు.

"ఏంటి తమ్ముడూ, మద్రాసు ఇంజనీరెవరో చెప్పాడని ఇసుక వేయిస్తున్నావంట?"

"మద్రాసు పద్ధతి అన్నయ్యగారూ. చేపల రంగు రెట్టింపవుద్దంట. ఎవరికీ చెప్పొద్దన్నారు."

"మరి నాకెందుకు చెబుతున్నావ్?"

"మీరు నాకు నిజమే చెప్పారు కదండీ!"

బసవపున్నారావు ముఖం మాడిపోయింది. ఇచ్చిన కాఫీ తాగకుండానే బండి స్టార్ట్ చేశాడు.

ఆ శనివారం రాత్రే మద్రాసు నుంచి దిగిన తొట్టిలో వెంకటకృష్ణారావు వేయించిన ఇసుక పరిచి, నీళ్లు పోసి, చేపల్ని వదిలాడు. ఆదివారం తెల్లారేసరికి తొట్టిలో నీళ్లు మజ్జిగలా తయారయ్యాయి. చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. వాటిని తీసి పారేసేలోపే నాగేంద్రమ్మగారు రిక్షా దిగారు. కళ్లజోడు సర్దుకుని తొట్టి దగ్గరకొచ్చారు.

"పడుకున్నాయా అల్లుడుగారూ?"

వెంకటకృష్ణారావుకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అంతలో ఫోను మోగింది. అవతల పుష్పవతి అక్క. పుష్పవతి విని, రిసీవరు పెట్టేసి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రాత్రి బావగారు తొట్టిలో ఇసుకంతా తోడి వేయించారంట. చల్లారేదాకా ఆగలేక వేడివేడిగానే పోసేశారంట. ఒక్క చేపా దక్కలేదు. పొద్దుటి నుంచీ మంచం దిగట్లేదంటండీ."

వెంకటకృష్ణారావు నిటారుగా నిలబడ్డాడు. "అయ్యో పాపం! పదండి అత్తయ్యగారూ, ఒకసారి చూసొద్దాం" అని, పరుగున వెళ్లి జీపు తీశాడు.

నూజివీడులో ఆ తొట్టి ముందు తోడల్లుళ్లిద్దరూ చాలాసేపు పక్కపక్కన నిలబడ్డారు. నాగేంద్రమ్మగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నా అల్లుళ్లలో ఎక్కువా తక్కువా లేదమ్మా" అని నిట్టూర్చారు.

పరామర్శకు వెళ్లిన మనిషి అంత కళకళలాడుతూ తిరిగి రావడం ఆగిరిపల్లి అదే మొదటిసారి చూసింది.