కోచ్ ఎక్కడికీ వెళ్ళట్లేదు

శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ కోచ్ వెర్లిన్ హాజెక్ ఒక మంచి పని తలపెట్టాడు. వాకిట్లో మూడేళ్ళుగా కదలకుండా పడి ఉన్న చేపల పడవను అమ్మేసి భార్య లోర్నాను ఆశ్చర్యపరచాలని. అమ్మెయ్యమని ఆవిడ అడగని వారం లేదు, అతను సరేనన్న వారమూ లేదు. ఇప్పుడు మాత్రం ఊళ్ళో ఒక్కరైనా తన మీద సంతోషంగా ఉంటే బాగుండుననిపించింది. ముందురోజు ఆటతో స్కూలు ఫుట్‌బాల్ జట్టు సీజను ముగిసింది: నాలుగు గెలుపులు, ఆరు ఓటములు. సోమవారం స్కూలు బోర్డు కూర్చుని అతన్ని ఉంచాలో పంపాలో తేలుస్తుంది.

అతనికి ఉండాలనే ఉంది. చాలా ఉంది. ఫుట్‌బాల్ కోచ్ బతుకంటేనే సామాను సర్దుకునే బతుకు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నాలుగు ఊళ్ళు మారి, నెబ్రాస్కాలోని ఈ క్లోవర్ బెండ్‌లో పదకొండేళ్ళు నిలిచారు. "ఇంకోసారి అట్టపెట్టెలు సర్దమన్నావో, ముందు నిన్ను సర్దేస్తాను," అని లోర్నా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే చెప్పింది.

లోర్నా చర్చిలో కేకులమ్మే స్టాలు దగ్గరికి వెళ్ళగానే కోచ్ ఒక చెక్క మీద పెద్ద అక్షరాలతో 'అమ్మబడును' అని రాసి, పడవ ముందు పాతాడు. పది నిమిషాల్లో పక్కింటి ఆర్లో వచ్చాడు.

"నీళ్ళల్లో దింపి చూడకుండా పడవ ఎవడైనా కొంటాడుటోయ్ కోచ్?" అంటూ పడవను తన ట్రక్కుకు తగిలించుకుని చెరువుకు లాక్కుపోయాడు. పోతూ పోతూ రెండు గాలాలు, నాలుగు శాండ్‌విచ్‌లు కూడా వేసుకున్నాడు. చెక్క అక్కడే ఉండిపోయింది. దాని వెనక ఇక ఇల్లు తప్ప ఏమీ లేదు.

ఆ ప్రాంతంలో జట్టు ఓడితే అభిమానులు చడీచప్పుడు లేకుండా కోచ్ ఇంటి ముందు ఇలాంటి బోర్డే పాతిపోతారు. ఇల్లు అమ్ముకుని దయచెయ్యమని అర్థం. కోచ్‌కి అది కొత్త కాదు, మూడు ఊళ్ళలో చూశాడు. అందుకే హోటలు నడిపే డార్లీన్ అటుగా వెళ్తూ కారు ఆపి మండిపడింది.

"ఏ వెధవ పాతాడు కోచ్ ఇది?"

"వెధవేం కాదు, నేనే."

డార్లీన్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అంటే ఊరొదిలి పోతున్నారా?"

"అబ్బే, పడవ కోసం పెట్టాను."

"ఏ పడవ?"

కోచ్ వెనక్కి తిరిగి చూశాడు. పసుపెక్కిన గడ్డి తప్ప ఏమీ కనబడలేదు. "నేనెక్కడికీ వెళ్ళట్లేదు, డార్లీన్!" అన్నాడు గట్టిగా.

అనకుండా ఉండాల్సింది. ఈ వృత్తిలో ఆ మాటకు ఒక్కటే అర్థం. "నాకిక్కడే బాగుంది" అన్న కోచ్ వేరే ఊళ్ళో ఇల్లు చూసుకున్నట్టు. "నేనెక్కడికీ వెళ్ళట్లేదు" అన్నాడంటే సామాను లారీ ఎక్కేసినట్టే. హెల్మెట్ పెట్టుకుని అమెరికా ఫుట్‌బాల్ ఆడే ప్రతి పిల్లవాడికీ తెలిసిన సంగతి ఇది.

అరగంటలో డార్లీన్ హోటల్లో దాల్చినచెక్క రొట్టెలు చల్లారిపోయాయి, కబురు మాత్రం వేడెక్కింది. కోచ్ వెళ్ళిపోతున్నాడు. ఎక్కడికి? ఎక్కడికైనా ఫరవాలేదు కానీ గ్రాంట్‌ఫోర్డ్‌కి కాకూడదు అన్నారెవరో. దాంతో గ్రాంట్‌ఫోర్డ్‌కే అని తేలిపోయింది. ఆటలో ముప్పై ఏళ్ళుగా బద్ధశత్రువు ఆ ఊరు.

రేడియోవాడు ఫోన్ చేశాడు. "గ్రాంట్‌ఫోర్డ్ మిమ్మల్ని పిలిచిందట, నిజమేనా కోచ్?"

"నా దృష్టంతా మన పిల్లల మీదే ఉంది," అన్నాడు కోచ్, అలవాటు కొద్దీ.

"ఆయన కాదనలేదు!" అని రేడియో ఊరంతటికీ చెప్పింది.

పదకొండింటికి బోర్డు అధ్యక్షుడు గ్లెన్ స్టబ్స్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నిజానికి కోచ్‌ని సోమవారం సాగనంపాలని బోర్డులో ఏనాడో అనుకున్నారు. కానీ తాము పారేయడం వేరు, గ్రాంట్‌ఫోర్డ్ ఎత్తుకుపోవడం వేరు.

"కోచ్," అన్నాడు గ్లెన్ గొంతు సవరించుకుని, "బోర్డుకి మీ మీద పూర్తి నమ్మకం ఉంది."

 ఆ మాటను కోచ్ ఇంతకు ముందు నాలుగు ఊళ్ళలో విన్నాడు. నాలుగుసార్లూ ఆ వారం తిరక్కుండానే ఉద్యోగం ఊడింది.

"గ్లెన్, నేనెక్కడికీ వెళ్ళను!" అన్నాడు బతిమాలుతూ.

ఆ మాట వినగానే గ్లెన్ పాలిపోయాడు. "రెండేళ్ళకు ఒప్పందం రాసిస్తాం."

"నిజంగా నాకిక్కడే బాగుందయ్యా!"

"అంత మాటనకండి కోచ్! మూడేళ్ళు! ముందు కారెక్కండి!"

కోచ్‌ని రెక్క పట్టుకుని స్కూలుకు లాక్కుపోయాడు. బోర్డువాళ్ళందరూ పరుగున వచ్చి కూర్చున్నారు.

అదే సమయానికి లోర్నా ఇంటికొచ్చింది. రేడియో మాట చర్చిలోనే వింది, నమ్మలేదు. ఇంటిముందు చెక్క మీద మొగుడి చేతిరాత కనబడింది. మెట్ల మీద డార్లీన్ పెట్టి వెళ్ళిన ట్యూనా నూడుల్స్ గిన్నె కనబడింది. ఎవరింట్లోనైనా మనిషి పోతే పట్టుకెళ్ళే వంటకం అది. అన్నిటికంటే ముఖ్యంగా పడవ కనబడలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఫోన్ చేసింది.

"వెర్లిన్, ఏమిటిది?"

"మీటింగులో ఉన్నా. నేనెక్కడికీ వెళ్ళట్లేదు లోర్నా!" అని అతను పెట్టేశాడు.

ఇరవై ఆరేళ్ళుగా కోచ్ భార్య ఆవిడ. నేలమాళిగలోంచి అట్టపెట్టెలు తెచ్చుకుంది. మూడో పెట్టె నిండుతుండగా పళ్ళ డాక్టరూ ఆయన భార్యా తలుపు తట్టారు. ఆ ఇంటి మీద వాళ్ళకు ఎప్పటినుంచో కన్ను. వంటగది చూశారు, కిటికీలు కొలిచారు, మంచి ధర చెప్పారు. లోర్నా వంటబల్ల మీదే సంతకం పెట్టి, తాళాల గుత్తిలో ఒకటి ఇచ్చేసి, భర్త కూడా వచ్చి సంతకం చేస్తాడని పూచీ పడింది.

మధ్యాహ్నం కోచ్ కాగితం ఊపుకుంటూ లోపలికొచ్చాడు. "మూడేళ్ళు, లోర్నా! మూడేళ్ళు మనల్నెవరూ కదపలేరు!"

"పడవని ముందే చేర్చేశావు, పెళ్ళాన్ని మాత్రం వెనకాల..." అంటున్నది ఆగిపోయింది. "ఎక్కడ మూడేళ్ళు?"

"ఇక్కడే!"

లోర్నా నెమ్మదిగా పెట్టె మీద కూర్చుంది. "ఈ మాట పొద్దున్నే చెప్పి ఏడవచ్చుగా!"

"పొద్దున్నుంచీ అదేగా మొత్తుకుంటున్నాను!"

బల్ల మీదున్న కాగితం చూశాక అతనూ రెండో పెట్టె మీద కూర్చున్నాడు. డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తి బతిమాలారు. ఆయన భార్య అప్పటికే కర్టెన్లు కొనేసింది. ఎదుటివాళ్ళు కర్టెన్లు కొన్నాక అమ్ముతామన్న మాట వెనక్కి తీసుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు, కోచ్ కూడా సంతకం పెట్టక తప్పలేదు. పోనీ పక్క ఊళ్ళో ఉందామంటే, కోచ్ క్లోవర్ బెండ్‌లోనే కాపురముండాలని గ్లెన్ ఒప్పందంలో స్వయంగా రాయించాడు. ఊళ్ళో అద్దెకు దొరికింది ఒక్కటే వాటా, గ్లెన్ అత్తగారింట్లో మేడ మీద.

ఆవిడకు ఎనభై ఆరేళ్ళు. ఆరు ఓటములకూ కారణాలు తెలుసు, రోజూ టిఫిను దగ్గర ఒకటి చొప్పున చెబుతోంది.