గుబురయ్య మంత్రి చేపపిల్లలు పంచిన వైనం

నాచు పరిచి పడకేశా,
నత్తగుల్ల తలకింద పెట్టా,
ఎర్రపిల్లా నిదరోవే,
ఏదో... ఏదో వచ్చేదాకా.

ఆ ఏదో ఏమిటో కొరమీను నూకాలుకి ఎంతకీ గుర్తురాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడేది. వాన వచ్చేదాకానో, గాలం వచ్చేదాకానో! పిల్లలు మాత్రం అదేమీ అడక్కుండానే నిద్రపోయేవాళ్ళు.

ఒక పెద్ద అడవిలో, కొండ కింది మడుగులో ఆ నూకాలు కాపరం. పుట్టిన పిల్లలు నీళ్ళమీద ఎర్రటి ముద్దలా గుంపుకట్టి తిరుగుతుంటే, తను కిందనుంచి కాపలా కాసేది. కొరమీను జాతి తీరే అంత. పిల్లలకి ఊహ తెలిసేదాకా తల్లి పక్కకి కదలదు.

ఆ అడవికి సింహం రాజు. ఆయన శాఖలు పంచేటప్పుడు వేట పులికి పోయింది, చెట్లు కోతికి పోయాయి. వ్యవసాయమూ చేపలూ కలిపి మిగిలాయి. బురద పని గదా, ఎవరూ ముట్టుకోలేదు. ఆలస్యంగా నిద్రలేచి వచ్చిన ఎలుగుబంటి గుబురయ్యకి అవి దక్కాయి.

గుబురయ్య చెడ్డవాడేం కాదు. ఎవరు కనపడ్డా కావలించుకుంటాడు. నాగలి ఏ కొసన పట్టుకోవాలో తెలీదు, నీళ్ళు చూస్తే నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. అంతే.

"ఏదో ఒకటి పంచాలయ్యా," అన్నాడు తన కార్యదర్శి నీటికుక్క జారయ్యతో. "పంచకపోతే నేను మంత్రినని ఎవరికి తెలుస్తుంది?"

"చీమలకి గింజలు పంచుదాం అయ్యగారూ."

"గింజలెక్కడివి?"

"చీమల పుట్టలో బోలెడు."

పంచారు. చీమలు తమ గింజలు తామే వరుసలో నిలబడి పుచ్చుకుని, దండం పెట్టి మరీ మోసుకుపోయాయి. వరుసలో నడవడం వాటికి అలవాటేగా! రాజుగారు మెచ్చుకున్నారు. గుబురయ్యకి హుషారు వచ్చింది.

"మరి చేపలకో?"

జారయ్య మీసాలు దువ్వుకున్నాడు. "చేపపిల్లలు పంచుదాం. మడుగులోనే ఉన్నాయిగా."

మర్నాడు పొద్దున్నే జారయ్య సొరకాయబుర్ర పట్టుకుని దిగాడు. నూకాలు తోకతో మూతిమీద ఒక్కటిచ్చింది.

"నా పిల్లల్ని ఎక్కడికిరా, సచ్చినోడా!"

"ఆగవమ్మా. మళ్ళీ ఈ మడుగులోనే వదులుతాం. పడమటి రేవులో ఒకసారి, ఉత్తరపు రేవులో ఒకసారి, తూర్పు రేవులో ఒకసారి. మూడు సభలు, మూడు దండలు."

"వదిలేదానికి పట్టడమెందుకు?"

"పట్టకుండా వదిలితే ఎవరికి కనపడుతుంది?"

నూకాలు ఆ మాట విప్పుకునేలోపే పిల్లలు బుర్రలోకి పోయారు.

పడమటి రేవులో గుబురయ్య బండరాయెక్కి నిలబడ్డాడు. "ఇది సర్కారు కానుక! ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలోనే లేదు!" అంటూ బుర్ర వొంపాడు. చప్పట్లు మోగుతుండగానే జారయ్య నీటికిందనుంచి బుట్టతో పిల్లల్ని మళ్ళీ ఎత్తేశాడు. ఒక గుప్పెడు మాత్రం నోట్లో వేసుకున్నాడు.

"అదేంట్రా!" అంది నూకాలు.

"తరుగమ్మా. ఏ పంపిణీలోనైనా తరుగుంటుంది."

మూడో రేవు దాటేసరికి పిల్లలెవరూ ఉండరు, తరుగే ఉంటుంది. నూకాలు ఏడుస్తూ పక్కింటి తాబేలు పైడమ్మ దగ్గరికి ఈదుకుంటూ పోయింది.

"నీళ్ళల్లో ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది వదినా?" అంది పైడమ్మ. "పిల్లల్లేని చేపలు ఉత్తరపు రేవులో వరుస కట్టమని చాటింపు వేశారు. ఇప్పుడు నీకు పిల్లలు లేరుగా? పోయి ముందు నిలబడు!"

పోయి నిలబడింది. గుబురయ్య బుర్ర వొంపాడో లేదో, పిల్లలు అమ్మ వాసన పట్టి ఆమె వీపుమీద ఎర్రటి ముద్దయి కూర్చున్నారు. అడవంతా ఆమెనే చూస్తోంది. జారయ్య బుట్టని వీపు వెనక్కి దాచాడు.

"ఓ రెండు మాటలు మాట్లాడమ్మా," అన్నాడు గుబురయ్య.

"ఏముంది బాబూ! వీళ్ళు నా పిల్లలే. ఆ తోక వంకరవాడు పెద్దాడు, వాడిపక్కది ఒట్టి పెంకిది..."

గుబురయ్య రెండు చేతులూ పైకెత్తాడు. "చూశారా! చేతిలో పెట్టామో లేదో, సొంత పిల్లల్లా చూసుకుంటోంది!"

చప్పట్లకి కొండ అదిరింది. ఆ సందట్లో నూకాలు పిల్లల్ని తీసుకుని, జారయ్య దూరలేని తామరతూళ్ళ మధ్యకి జారుకుంది.

తూర్పు రేవులో వొట్టి నీళ్ళే వొంపారు. "పసికూనలు, మీ కంటికి ఆనవు," అన్నాడు జారయ్య. ఆనలేదని చెప్పడానికి ఎవరికి ధైర్యం? అక్కడా చప్పట్లే.

మడుగు చేపలతో పొంగిపోతోందని చిలకలు అడవంతా కూశాయి. సింహం ఆ కూతలు నమ్మి, అత్తవారిని చేపల విందుకి పిలిచేసింది. ఆ కబురు వినగానే జారయ్యకి కడుపునొప్పి వచ్చింది. ఏరు పట్టుకుని ఎటో పోయాడు.

చుట్టాలు గట్టుమీద ఆకులు పరుచుకు కూర్చున్నారు. గుబురయ్య నీళ్ళ అంచున వొంగి గొంతు తగ్గించాడు.

"నూకాలమ్మా, నా తల్లీ! తోక వంకరవాడు వద్దులే. ఆ పెంకిదాన్నయినా ఇవ్వు. పరువు పోయేట్టుంది."

నూకాలు పిల్లల్ని పొట్టకిందకి లాక్కుంది. ఆమె ఎత్తిపొడవడానికి అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయి పైకే అడిగింది. "అదేంటి బాబూ! ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మీ వంశంలోనే లేదంటిరి?"

గట్టుమీద చుట్టాలు ఇటు తిరిగారు. సింహం మెడ సాచింది. గుబురయ్యకి ఇక దిగక తప్పలేదు. దిగాడు, జారాడు, తడిసిన బొంతలా తేలాడు. పైకి లాగితే ఒంటినిండా నాచు తప్ప ఒక్క చేప లేదు. అత్తవారు పడీ పడీ నవ్వారు. సింహానికి తల కొట్టేసినట్టయింది.

"నీకు నీళ్ళ శాఖ అచ్చిరాలేదు," అంది. "పొడి శాఖ ఇస్తాను, పో!"

మర్నాడు గుబురయ్య కొత్త దండ వేసుకుని, మడుగుకి బారెడు దూరంలో నిలబడ్డాడు.

"నీకు చెప్పి పోదామని వచ్చానమ్మా. రాజుగారు నన్ను తేనె శాఖకి మార్చారు. రేపటినుంచి తేనెటీగలకి తేనె పంచాలి."

నూకాలు నోరు తెరిచింది. "తేనెటీగలకా? మీ దగ్గర తేనె ఎక్కడిది బాబూ?"

గుబురయ్య ఆమెకేసి జాలిగా చూశాడు. వెళ్ళబోతూ ఆగి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"పిచ్చితల్లీ! పంచేవాడి దగ్గర ఏమీ ఉండక్కర్లేదు. పుచ్చుకునేవాళ్ళ దగ్గర ఉంటే చాలు."